ఒక్క గజం దూరంలో ఆ టాస్ ఎందుకు?

ఫ్రిస్కో_బాబాయ్
2025 జనవరి 11, రాత్రి 12:48

ఇప్పుడే ఆర్లింగ్టన్ నుంచి ఇల్లు చేరాం. రోడ్ల పక్కన మంచు ఇంకా కరగలేదు. దారి పొడవునా కారులో నేనూ మావాడూ ఒక్క మాట మాట్లాడుకుంటే ఒట్టు. నిద్ర ఎలాగూ రాదు కాబట్టి ఇక్కడ కక్కేస్తున్నా.

కాటన్ బౌల్, అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సెమీఫైనల్. నాలుగో క్వార్టర్, ఒహాయో స్టేట్ 21, మనం (టెక్సస్ యూనివర్సిటీ) 14. వాళ్ల మీద వరుసగా రెండు పాస్ ఇంటర్‌ఫరెన్స్ (పాస్ అందుకునేవాణ్ణి అడ్డుకున్న తప్పు) జెండాలు పడి బంతి వాళ్ల గోల్ లైన్‌కి ఒక్క యార్డు దూరంలోకి వచ్చింది. యార్డంటే గజం. హైదరాబాద్‌లో గజం రేటు ఎంతుందో గంటలు గంటలు మాట్లాడుకునే జాతి మనది. గజం విలువ మనకి ఒకరు చెప్పాలా? పైగా చేతిలో నాలుగు ప్రయత్నాలు (డౌన్‌లు).

మొదటిది గిబ్సన్‌తో మధ్యలోంచి పరుగు. ఏమీ రాలేదు. సరే, కానీ. రెండోది ఎడమ పక్కకి విస్నర్‌కి టాస్. మేం కూర్చున్నది బాగా పైన. అక్కడి నుంచి చూస్తే ఎవరు ఎటు కదులుతున్నారో చీమల బారులా తెలిసిపోతుంది. బంతి ఇంకా గాల్లోనే ఉంది, వాళ్ల డిఫెన్స్ అప్పటికే ఆ పక్కకి తిరిగిపోయింది. మావాడు "అయిపోయింది" అన్నాడు, విస్నర్ బంతి పట్టుకోకముందే. ఏడు యార్డులు వెనక్కి. మూడోది పాస్, నేలపాలు. నాలుగోదాంట్లో వాళ్ల డిఫెన్స్‌లోని జాక్ సాయర్ వచ్చి మన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) క్విన్ యూవర్స్ చేతిలో బంతి కొట్టేసి, దాన్ని తనే తీసుకుని 83 యార్డులు అటు పక్కకి పరుగు. 28-14. మావాడు టోపీ మొహం మీదకి లాక్కుని అలాగే కూర్చుండిపోయాడు.

ఆ టాస్ ఎందుకో ఎవరైనా చెప్పండి. తిట్లు కాదు, కారణం కావాలి.

ఆస్టిన్_ఆవకాయ
రాత్రి 1:04

కారణం ఏముంది బాబాయ్, తెలివి ఎక్కువవడం. మన హెడ్ కోచ్ సార్క్‌కి మామూలుగా గెలవడం నచ్చదు. అందంగా గెలవాలి. బంతి ఒక్క యార్డు దూరంలో ఉంటే దాన్ని ఆరు యార్డులు వెనక్కి విసిరి, మళ్లీ పక్కకి పరిగెత్తి, అప్పుడు ముందుకి వెళ్లడం. ముక్కెక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు.

ఇదే నాలుగో క్వార్టర్‌లో వాళ్లేం చేశారో చూశారుగా. 88 యార్డుల డ్రైవ్. నాలుగో డౌన్, రెండు యార్డులు కావాలి, క్వార్టర్‌బ్యాక్ హోవర్డ్ బంతి పట్టుకుని 18 యార్డులు దూసుకుపోయాడు. చివర్లో ఒక్క యార్డు కావాలి, జడ్కిన్స్ నేరుగా దూరాడు. టచ్‌డౌన్. అంతే సంగతి.

సారథి_కూకట్‌పల్లి
రాత్రి 1:20

అందరికీ నమస్తే. నాకు ఈ ఆట కొత్త. రౌండ్ రాక్‌లో ఉండే మా అన్న పోరు పడలేక పొద్దున ఆరింటికే లేచి చూశా. టాస్ టాస్ అంటుంటే కాయిన్ వేస్తారేమో అనుకున్నా, మ్యాచ్ మధ్యలో కాయిన్ ఎందుకని మా అన్నని అడిగితే ఫోన్ పెట్టేశాడు. కొంచెం అర్థమయ్యేలా చెప్తారా? ఒక్క యార్డుకి నాలుగు ఛాన్సులుంటే అసలు ఎలా ఆగిపోతారు?

కబడ్డీ_మాస్టారు
రాత్రి 1:41

సారథీ, మీ అన్న బాధ అర్థం చేసుకోదగ్గదే. కబడ్డీ చూస్తావు కదా, దాంతో చెప్తా.

మామూలుగా మైదానం మధ్యలో ఆడేటప్పుడు డిఫెన్స్ వాళ్లు వెనకాల పాస్‌లు కాయడానికి కొంతమందిని ఉంచుకోవాలి. గోల్ లైన్ దగ్గర వెనక కాయడానికి చోటే ఉండదు. అందుకని పదకొండు మందీ ముందుకొచ్చి మధ్యలో గొలుసు కట్టేస్తారు. ఏడుగురు డిఫెండర్లు గొలుసు కట్టాక రైడర్ నడుమ్మీద నుంచి వెళ్లగలడా? మొదటి డౌన్‌లో గిబ్సన్‌కి జరిగింది అదే. అప్పుడు రైడర్ ఏం చేస్తాడు? మూల చూసుకుంటాడు. టాస్ అంటే అది. క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కగా పరిగెడుతున్న వాడికి విసురుతాడు, మధ్యలో పోగైన వాళ్లు తేరుకునేలోపు వాడు అంచు మీద నుంచి లోపలికి దూరాలి.

కాబట్టి ఐడియా తప్పు కాదు. మ్యాచ్ అయ్యాక సార్క్ చెప్పిన సారాంశం కూడా ఇదే, అందరూ సరిగ్గా బ్లాక్ చేస్తే అది టచ్‌డౌన్ అయ్యే ప్లే అని. చెయ్యలేదు. వాళ్ల డిఫెండర్ కేలబ్ డౌన్స్‌ని ఎవరూ ఆపలేదు.

ఇంకో సంగతి. మధ్యలోంచి తోసుకెళ్లే బరువున్న బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) మనకి ఎక్కడున్నాడు? సీజే బ్యాక్స్‌టర్ ఆగస్టులోనే మోకాలు పోగొట్టుకున్నాడు. అదే నెలలో క్రిస్టియన్ క్లార్క్ అకిలీస్ తెగింది. మిగిలిన విస్నర్, బ్లూ ఇద్దరూ చురుకైన వాళ్లే కానీ ఎద్దుల్లాంటి వాళ్లు కాదు. గిబ్సన్ ఫ్రెష్‌మన్, కాలేజీలో మొదటి ఏడు. ఉన్న సరుకుతో వంట చేశాడాయన.

ఆస్టిన్_ఆవకాయ
రాత్రి 1:50

సరుకు లేదా మాస్టారూ? మన రెండో క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్ అనే సరుకు పక్కనే నిలబడి ఉంది కదా. ఇవాళ అతన్ని ఒకే ఒక్క ప్లేకి దింపితే 8 యార్డులు పరిగెత్తి ఫస్ట్ డౌన్ (మళ్లీ కొత్తగా నాలుగు ఛాన్సులు) తెచ్చాడు. సెప్టెంబర్‌లో యూటీఎస్ఏ మీద 67 యార్డుల పరుగు, టెక్సస్ ఏ అండ్ ఎమ్ మీద 15 యార్డుల టచ్‌డౌన్. ఆరడుగుల నాలుగు అంగుళాల మనిషి. ఒక్క యార్డు దగ్గర అతను ముందుకి వాలితే చాలు. అమ్మమ్మ గారింట్లో వెన్న దాచినట్టు దాచాడు, తీరా పండగ రోజుకి పిల్లి తినేసింది.

సిరి_లెక్కలు
రాత్రి 2:07

లెక్కలు చూద్దాం. డిసెంబర్ 21న క్లెమ్సన్ మీద పరుగులో బ్లూ 146 యార్డులు, విస్నర్ 110. ఇద్దరూ వంద దాటారు. తర్వాత అరిజోనా స్టేట్ మీద పీచ్ బౌల్‌లోనూ ఇవాళా టీమ్ మొత్తం కలిపి ఒక్కో మ్యాచ్‌లో పరుగు అరవై యార్డులు కూడా దాటలేదు. దాదాపు అదే లైన్ (ముందు నిలబడి బ్లాక్ చేసే అయిదుగురు), అవే బ్యాక్స్. కెల్విన్ బ్యాంక్స్ ఈ ఏడు అవుట్‌లాండ్, లొంబార్డి అవార్డులు రెండూ గెలిచిన మనిషి. అలాంటివాడు ఎడమ పక్క ఉన్నాడు కాబట్టే టాస్ అటు వేసి ఉంటారని నా ఊహ.

కానీ పాత జబ్బు కూడా గుర్తుచేసుకోండి. పోయినేడు షుగర్ బౌల్, వాషింగ్టన్ చేతిలో 37-31 ఓటమి. పన్నెండు యార్డుల దగ్గర 15 సెకన్లు. చివరిది మూలకి, మిచెల్‌కి ఎత్తి వేసిన బంతి. మధ్య మైదానంలో సార్క్ అంత బాగా ప్లేలు పిలిచేవాడు (ఏ ఎత్తు ఆడాలో చెప్పేవాడు) లేడు. గోల్ లైన్ దగ్గరపడే కొద్దీ చెయ్యి వణుకుతుంది.

నలభై_ఎకరాలు
ఉదయం 6:15

పిల్లలూ, రాత్రంతా మేలుకున్నట్టున్నారు. నేను 90ల్లో ఆ క్యాంపస్‌లో చదువుకున్నవాణ్ణి, తొందరపడకుండా ఒక పాత కథ చెప్తాను.

2006 జనవరి 4, రోజ్ బౌల్. మనం, యూఎస్సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ). అందరికీ గుర్తుండేది 19 సెకన్లు ఉండగా విన్స్ యంగ్ కుడి పక్క మూలకి పరిగెత్తిన టచ్‌డౌన్, 41-38. దానికి ముందు జరిగింది ఎవరూ తలుచుకోరు. అప్పటికి యూఎస్సీ అయిదు పాయింట్లు ముందుంది, నాలుగో డౌన్, రెండు యార్డులు కావాలి. అవి వస్తే ఆట వాళ్లదే. వాళ్లు పంటింగ్ (బంతిని దూరంగా తన్నేయడం) మానేసి లెండేల్ వైట్‌కి బంతి ఇచ్చి మధ్యలోకి తోశారు. బండలాంటి మనిషి, ఆ రాత్రి అప్పటికే మూడు టచ్‌డౌన్‌లు చేశాడు. మనవాళ్లు ఆపేశారు. మర్నాటి నుంచి ఇప్పటిదాకా అడిగే ప్రశ్న ఒకటే: హైజ్‌మన్ అవార్డు గెలిచిన రెజీ బుష్ ఆ ప్లేకి బయట ఎందుకు నిలబడ్డాడు? అంచు మీదకి వేయాల్సింది కదా?

ఆ రాత్రి యూఎస్సీ పక్క కోచింగ్ బృందంలో ఉన్న కుర్రాడి పేరు స్టీవ్ సార్కిసియన్.

అప్పుడు నేరుగా వెళ్తే పక్కకి ఎందుకు వెళ్లలేదన్నారు. ఇప్పుడు పక్కకి వెళ్తే నేరుగా ఎందుకు వెళ్లలేదంటున్నారు. ఆయన మనసులో ఆ రాత్రి ఉందని నేను అనను. కానీ నాకు మాత్రం నిన్న విస్నర్ పడగానే లెండేల్ వైట్ కనిపించాడు.

ఆస్టిన్_ఆవకాయ
ఉదయం 8:32

సార్, కథ అదిరింది. రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అయినా టాస్ తప్పే.

కొలంబస్_కోడలు
ఉదయం 9:10

తలుపు తట్టి వస్తున్నా, చెప్పులు విసరకండి. నేను ఒహాయో స్టేట్‌లో ఎమ్మెస్ చేశాను, మా ఆయన మీ ఆస్టిన్‌లో. రాత్రి నుంచి మా ఇంట్లో మౌనవ్రతం. సంక్రాంతికి అరిసెలు వండుదామని పాకం పెడుతుంటే వచ్చి "పాకమైనా సరిగ్గా పిలువు" అన్నారు. అదొక్కటే మాట.

మీరందరూ ఆ ఒక్క ప్లే చుట్టూ తిరుగుతున్నారు. ఫస్టాఫ్ చివర మర్చిపోయారా? మీరు 7-7 చేసి సంబరపడ్డారు, 29 సెకన్లే ఉన్నాయి. మావాళ్లు చిన్న స్క్రీన్ పాస్ వేస్తే హెండర్సన్ 75 యార్డులు వెళ్లిపోయాడు. ఆ ఏడు పాయింట్లు లేకపోతే మీకు చివర్లో ఆ టెన్షనే లేదు.

అన్నట్టు సాయర్, యూవర్స్ 2021లో మా క్యాంపస్‌లో రూమ్మేట్లు. ఒకే గదిలో ఉన్నవాడికి క్విన్ బంతి ఎప్పుడు వదుల్తాడో తెలియదా ఏంటి.

ఫ్రిస్కో_బాబాయ్
ఉదయం 9:45

రామ్మా కోడలా, నీకెందుకు చెప్పులు. మీ ఆయన్ని కూడా రమ్మను, ఇక్కడ అందరం ఒకే బాధలో ఉన్నాం.

మాస్టారూ, పడుకుని ఆలోచించాను. మీరు చెప్పిన గొలుసు సంగతి నిజమే, టాస్ సరిగ్గా పడితే టచ్‌డౌన్ కూడా నిజమే. నా గొడవ అది కాదు. తప్పితే ఏమవుతుంది? మధ్యలోకి తోసి తప్పితే పోయేది అరగజం, మహా అయితే గజం. మూడో డౌన్‌కి ఇంకా రెండు గజాల్లోపే ఉంటాం. అప్పుడు పరుగూ ఉంటుంది, పాసూ ఉంటుంది, ఏదొస్తుందో వాళ్లకి తెలియదు. టాస్ తప్పితే పోయింది ఏడు గజాలు. ఎనిమిది దగ్గర నిలబడ్డాక పాస్ తప్ప దారి లేదని పాప్‌కార్న్ అమ్మేవాడికి కూడా తెలుసు. సాయర్‌కి తెలియదా? పరుగు ఆపాలన్న చింత లేకుండా నేరుగా క్విన్ మీదకి వచ్చాడు.

అందుకే నాలుగో డౌన్‌లో క్విన్‌ని తిట్టడం నాకు నచ్చలేదు. అతన్ని అక్కడ నిలబెట్టింది రెండో డౌన్.

కబడ్డీ_మాస్టారు
ఉదయం 10:20

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు బాబాయ్ గారూ. ప్లే బాగుంటే ఎంతొస్తుందో చూశాను, చెడితే ఎంత పోతుందో చూడలేదు. రైడర్ మూలకి వెళ్లి దొరికితే లైన్‌కి ఎంత దూరంలో దొరుకుతాడో పిల్లలకి నేనే చెప్తుంటాను.

అయినా ఒక్కటి. బ్లాక్ చెయ్యలేనివాళ్లు ప్లే బాలేదంటే అది ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

సిరి_లెక్కలు
ఉదయం 10:31

మద్దెల కూడా ఓడే మాస్టారూ. కైల్ ఫ్లడ్‌కి ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ అని పేరుంది, లైన్ కోచ్ కూడా ఆయనే. కానీ ప్లేలు పిలిచేది హెడ్ కోచ్. ఆట మొత్తం నడపాలి, టైమవుట్లు చూసుకోవాలి, మళ్లీ ముప్పై సెకన్లకోసారి ప్లే పిలవాలి. "అన్నా, ఇది వద్దు" అని చెప్పే మనిషి పైన బాక్స్‌లో ఎవరైనా ఉన్నారా?

నలభై_ఎకరాలు
మధ్యాహ్నం 12:05

క్విన్ గురించి బాబాయ్ అన్నది పట్టించుకోండి. నిన్న 283 యార్డులు, రెండు టచ్‌డౌన్‌లు, రెండూ బ్లూకే. పది రోజుల కిందట అరిజోనా స్టేట్ మీద ఓవర్‌టైమ్‌లో నాలుగో డౌన్, 13 యార్డులు కావాలి, ఆట అయిపోయిందని నేను టీవీ రిమోట్ వెతుక్కుంటున్నాను. మన రిసీవర్ గోల్డెన్‌కి 28 యార్డుల టచ్‌డౌన్ వేశాడు. అక్టోబర్‌లో జార్జియా మ్యాచ్ మధ్యలో అతన్ని తీసేసి ఆర్చ్‌ని దింపి, మళ్లీ అతన్నే పంపారు. పొట్ట పక్క కండరం పట్టేసిన సీజన్‌లో ఇదంతా. నోరెత్తలేదు ఆ కుర్రాడు.

ఫ్రిస్కో_బాబాయ్
మధ్యాహ్నం 1:15

నేను ఆయన కొడుకుని, నాన్న ఫోన్ నుంచి రాస్తున్నా. యూటీలో తెలుగు క్లాసు రెండో ఏడు, తప్పులుంటే చెప్పండి. నిన్న మా వరుసలో నలుగురం ఫస్ట్ డౌన్ ముందే ఆర్చ్, ఆర్చ్ అని అరిచాం. నాన్న మమ్మల్ని కూర్చోమన్నారు, "కోచ్‌కి తెలుసులేరా" అన్నారు. ఇది ఆయన మీకు చెప్పలేదు కదా?

ఆస్టిన్_ఆవకాయ
మధ్యాహ్నం 1:17

బాబాయ్!!!

కొలంబస్_కోడలు
2025 ఆగస్టు 30, మధ్యాహ్నం 2:40

ఏడు నెలల దుమ్ము దులిపి ఈ దారం పైకి తెస్తున్నా, కోపం తెచ్చుకోకండి. ఇవాళ మళ్లీ మీతో మ్యాచ్, మావాళ్లు గెలిచారు, 14-7. మూడో క్వార్టర్. గోల్ లైన్‌కి ఒక్క యార్డు. నాలుగో డౌన్. ఆర్చ్ మ్యానింగ్. టాస్ లేదు, పక్కకి పరుగు లేదు, స్నీక్. నేరుగా ముందుకి. మీరు అడిగిందే కదా? మావాళ్లు ఆపేశారు.

ఆస్టిన్_ఆవకాయ, ఆ వెన్న ఎలా ఉంది?

ఆస్టిన్_ఆవకాయ
మధ్యాహ్నం 2:58

అక్కా, వినాయక చవితి వారంలో ఇంత క్రూరత్వం పనికిరాదు.

సిరి_లెక్కలు
మధ్యాహ్నం 3:11

మనం 336 యార్డులు, వాళ్లు 203. ఓడింది మనం. నాలుగో డౌన్‌లో అయిదుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి వచ్చింది. ఆర్చ్ 30 పాస్‌లలో 17, 170 యార్డులు, ఒక టచ్‌డౌన్, ఒక ఇంటర్‌సెప్షన్ (అవతలివాళ్లకి చిక్కిన పాస్). సీజన్ మొదలవకముందే నంబర్ వన్ అని ఊరేగించారు.

లైన్ సంగతి ఎవరైనా చూశారా? కాటన్ బౌల్‌లో ఉన్న అయిదుగురిలో బ్యాంక్స్, కానర్, మేజర్స్, విలియమ్స్ నలుగురూ వెళ్లిపోయారు. మిగిలింది క్యాంప్‌బెల్ ఒక్కడే. స్నీక్ అంటే క్వార్టర్‌బ్యాక్ ప్లే అనుకుంటాం. వాడు చేసేది సెంటర్ (లైన్ మధ్యలో ఉండేవాడు) వీపు మీద వాలడమే. ముందున్న ముగ్గురు కదిలితేనే దారి.

కబడ్డీ_మాస్టారు
మధ్యాహ్నం 3:30

జనవరిలో నేను చెప్పింది ఇదే. మధ్యలో గొలుసు.

ఫ్రిస్కో_బాబాయ్
మధ్యాహ్నం 3:42

మాస్టారూ, నా లెక్క మాత్రం ఇప్పటికీ మారలేదు. స్నీక్ తప్పితే బంతి వాళ్లకి వాళ్ల గోల్ లైన్ దగ్గరే దొరికింది. జనవరిలో 83 యార్డులు అటు వెళ్లింది. ఓడటంలో కూడా తేడా ఉంటుంది.

ఇవాళ నన్ను బాధపెట్టింది ఆ స్నీక్ కాదు, మొదటి మూడు క్వార్టర్లు. ఆర్చ్ వేసిన బంతులు సగం రిసీవర్ల పాదాల దగ్గర పడ్డాయి. తొలి టచ్‌డౌన్ వచ్చేసరికి నాలుగో క్వార్టర్ ముగింపుకొచ్చింది, లివింగ్‌స్టన్‌కి 32 యార్డులది. పోయినేడు కావాలని అరిచిన కుర్రాణ్ణి ఇవాళ మా ఇంట్లోనే తిట్టారు. ఎవరో చెప్పను, తెలుగు క్లాసు మూడో ఏడు.

సారథి_కూకట్‌పల్లి
సాయంత్రం 4:05

నేను ఈసారి రాత్రి తొమ్మిదిన్నరకి చూశా, నిద్ర పాడవలేదు. ఒక డౌటు. జనవరిలో పక్కకి వేస్తే తప్పన్నారు, ఇవాళ నేరుగా వెళ్తే ఆపేశారు. మరి మూడో దారి ఏంటి?

నలభై_ఎకరాలు
సాయంత్రం 4:26

ప్లే యాక్షన్, నాయనా. పరుగని నమ్మించి టైట్ ఎండ్‌కి (లైన్ చివర నిలబడి బ్లాకూ చేసి, పాసూ పట్టేవాడికి) చిన్న పాస్. అది కూడా ఆపేశారనుకో, వచ్చే ఏడు ఇక్కడే మళ్లీ కలుద్దాం.

కొలంబస్_కోడలు
సాయంత్రం 4:31

మా ఆయన ఇప్పుడే లాగిన్ అడిగారు. ఇవ్వాలా వద్దా?

ఫ్రిస్కో_బాబాయ్
సాయంత్రం 4:40

ఇవ్వమ్మా. వచ్చే శనివారం శాన్ హోసే స్టేట్‌తో పదకొండింటికి మ్యాచ్, డాలస్ చుట్టుపక్కల వాళ్లెవరైనా మా ఇంటికి రావచ్చు. ఉండ్రాళ్లు అయిపోయాయి, పులిహోర చేయిస్తా. ఆవకాయా, నువ్వు ఆస్టిన్ నుంచి వస్తే నీ పేరుకి తగ్గట్టు ఒక సీసా పట్టుకురా.